పని నేర్చుకునే కుర్రాడికి మొదటి నెల నుంచే జీతం కట్టాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో నేను మోటారు వైండింగ్ షాపు, అంటే కాలిన మోటార్లకు రాగి తీగ తిరిగి చుట్టే షాపు, నడుపుతున్నాను. పోలాకి, జలుమూరు, సారవకోట మండలాల రైతులు తెచ్చే వ్యవసాయ మోటార్లు, ఊళ్లోవాళ్లు తెచ్చే ఇంటి మోటార్లు, ఫ్యాన్లు మా దగ్గరికి వస్తుంటాయి. ఈ మధ్య మా వీధిలో వెల్డింగ్ షాపువారిని కదిపినా, టైలరుగారిని కదిపినా, బండ్ల మెకానిక్‌ని కదిపినా ఒకే మాట వినిపిస్తోంది. పని నేర్చుకోవడానికి కుర్రాళ్లు రావడం లేదట, వచ్చినవాళ్లు నిలవడం లేదట. సెల్‌ఫోన్ల వల్ల పిల్లలు చెడిపోయారని, ఒళ్లు వంచడానికి ఎవరూ సిద్ధంగా లేరని అందరూ బాధపడుతున్నారు. ఆ బాధ నాకూ ఉంది గాని, ఆ కారణం నిజమని నేను ఒప్పుకోలేను. ఇదే కుర్రాళ్లు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి చెన్నైకో, హైదరాబాదుకో వెళ్లి, ఎండలో ఇనుప చువ్వలు వంచే పని చేస్తున్నారు. ఒళ్లు వంచనివాళ్లు ఆ పనికి ఎలా వెళ్తారు? అక్కడ వారం తిరిగేసరికి చేతిలో డబ్బు పడుతుంది, మా దగ్గర ఏడాది తిరిగినా పడదు. తేడా అంతా ఇక్కడే ఉందని నా అనుభవం చెబుతోంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ప్రాంతంలో కుర్రాణ్ని పనిలో పెట్టే పద్ధతి మీ పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. తల్లో, మేనమామో పిల్లవాణ్ని వెంటబెట్టుకుని షాపుకు వస్తారు. ‘జీతం మీ ఇష్టం బాబూ, ముందు మా గుంటడికి పని నేర్పండి’ అంటారు. షాపు యజమాని తలూపుతాడు. కాగితం ఉండదు, ఎన్నాళ్లు నేర్పాలో, ఏమేమి నేర్పాలో, నెలకు ఎంత ఇవ్వాలో ఎవరూ అనుకోరు. పొద్దున టిఫిను, రెండు పూటలా టీ, పండగకు ఒక జత బట్టలు, ఎప్పుడైనా యజమాని మనసు బాగుంటే చేతి ఖర్చుకు నూరో రెండు నూర్లో. దీన్నే మేము పని నేర్పడం అంటున్నాము. పొలంలో కంబారిని (ఏడాది పాలేరును) పెట్టుకునేటప్పుడు కూడా ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని ముందే మాట్లాడుకునేవారు. విద్య నేర్పుతున్నామనే పేరుతో మేము ఆ మాత్రం మాట కూడా లేకుండా చేసుకున్నాము.

నేను 1994లో, పదిహేనేళ్ల వయసులో, మరో ఊళ్లోని వైండింగ్ షాపులో ఇలాగే చేరాను. మూడేళ్లు ఉన్నాను. మొదటి ఏడాది పైసా లేదు. రెండో ఏడాది ఒక మోటారులో నేను వేసిన కాయిలు (చుట్టిన తీగ) కాలిపోతే, ఆ పండగకు ఇస్తానన్న డబ్బు ఆపేశారు. డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధించినది వేరొకటి. ఏ మోటారుకు ఏ గేజి (మందం) తీగ వేయాలి, ఒక్కో కాయిలుకు ఎన్ని చుట్లు చుట్టాలి అనే లెక్క మా యజమాని ఒక నోటుపుస్తకంలో రాసుకుని సొరుగులో పెట్టి తాళం వేసేవారు. కాలిన మోటారు విప్పి చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఏదో ఒక పని చెప్పి నన్ను బయటికి పంపేవారు. వైండింగ్ పనికి ప్రాణమంతా ఆ లెక్కలోనే ఉంది. కాయిలు దించే గాడులైన స్లాట్లు తుడవడం, కాగితం కత్తిరించడం ఎవరైనా నేర్చుకుంటారు. చుట్ల లెక్క తప్పినా, గేజి తప్పినా మోటారు వేడెక్కి మళ్లీ కాలుతుంది. మూడేళ్లలో నేను నేర్చుకున్నదానిలో సగం చాటుగా చూసి నేర్చుకున్నదే. ఆయన చెడ్డ మనిషని నేను అనను. నేను త్వరగా నేర్చుకుంటే ఆయనకు కలిగే లాభమేమీ లేదు. నేను ఎన్నాళ్లున్నా ఆయనకు ఖర్చు లేదు, నేర్చుకుని బయటపడితే మాత్రం ఎదురుగా ఇంకో షాపు పెడతానన్న భయం ఉంది. జీతం ఇవ్వనక్కరలేని కుర్రాడికి పని నేర్పడానికి తొందర ఎవరికి ఉంటుంది?

ఈ సంగతి తెలిసి కూడా, 2006లో సొంత షాపు పెట్టిన తరువాత నేనూ అదే దారిలో నడిచాను. ఆ తప్పు ఒప్పుకోకుండా ఇతరులకు చెప్పే అర్హత నాకు ఉండదు. సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఒక కుర్రాడు రోజూ సైకిలు మీద వచ్చేవాడు. చేతి వేళ్లు చురుకైనవి, కాయిలు స్లాటులోకి దించేటప్పుడు తీగ మీద గీత కూడా పడనిచ్చేవాడు కాదు. ఎనిమిది నెలలు టిఫిను పెట్టి, టీ పోసి పని చేయించుకున్నాను. ఒకరోజు రాలేదు. చెన్నై వెళ్లిపోయాడని తరువాత తెలిసింది. అప్పుడు నేను కూడా ఈ కాలపు పిల్లలకు ఓపిక లేదనే అన్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా జిల్లాను ముంచేసినప్పుడు, నీళ్లు తీసిన తరువాత రైతులు ఆటోల మీద వేసుకుని తెచ్చిన మోటార్లు మా షాపు ముందు వరుసగా పేరుకుపోయాయి. బురద కడిగి, ఆరబెట్టి, తిరిగి చుట్టవలసినవి ఎన్నో. పని తెలిసిన రెండో చెయ్యి నా దగ్గర లేదు. వచ్చినవాళ్లలో చాలామందిని వెనక్కి పంపవలసి వచ్చింది. ఆ రోజుల్లో నాకు ఆ కుర్రాడే గుర్తుకొచ్చాడు. వాడికి నెలకు కొద్దిపాటి డబ్బు ఇచ్చి నిలుపుకుని ఉంటే, అప్పటికి వాడు నాకంటే మంచి మేస్త్రి అయ్యేవాడు.

కొత్తవాడికి జీతం ఎందుకివ్వాలని అడిగే తోటి షాపులవారు చెప్పే మొదటి కారణం, వాడి వల్ల మొదటి ఆరు నెలలు షాపుకు పైసా లాభం ఉండదని. ఈ మాట ఎంతవరకు నిజమో నా షాపు లెక్కతోనే చూపిస్తాను. చేరిన రోజు నుంచి కొత్తవాడు చేసే పని కాలిన తీగ తీయడం. వార్నిష్ గట్టిపడి రాయిలా బిగుసుకున్న కాయిళ్లను ఉలితో కోసి, లాగి, స్లాట్లు గీకి శుభ్రం చేయాలి. మేస్త్రికి విసుగు పుట్టించే పని అది, గంటల తరబడి పడుతుంది. అలా తీసిన పాత రాగిని రైతు అడగకుండా మాకే వదిలేయడం ఎక్కువగా జరుగుతుంది. మేము దాన్ని పోగుచేసి కిలోల లెక్కన పాత సామాన్లవాడికి అమ్ముకుంటాము. అంటే పని ఏమీ రాదని మేము చెప్పే ఆ కుర్రాడు, మొదటి రోజు సాయంత్రానికే మా గల్లాపెట్టెలో పడే వస్తువును చేతులు గీరుకుపోతూ బయటికి తీస్తున్నాడు. ఆ రాగి ఎవరి కష్టమో ఒక్కసారి ఆలోచిస్తే, మొదటి నెల జీతం దానమనే భావం ఏ యజమానికీ రాదు.

మూడు నెలలు తిరిగేసరికి వాడు కాగితం కొలతకు కత్తిరిస్తాడు, వెదురు బద్దలు చెక్కుతాడు, సీలింగ్ ఫ్యాను చుట్టడం మొదలుపెడతాడు. ఫ్యాన్లు వేసవిలో రోజుకు ఎన్ని వస్తాయో వేరే చెప్పనక్కరలేదు. ఏడాది దాటితే ఇంటి మోటారు ఒంటిచేత్తో పూర్తి చేసి, సీరీస్ బల్బు పెట్టి పరీక్షించి నా ముందు పెడతాడు. వ్యవసాయానికి వాడే త్రీఫేజ్ మోటార్లు, నీళ్లలో దిగే సబ్‌మెర్సిబుల్ మోటార్లు మాత్రం రెండో ఏడాది చివరి వరకు నేను పక్కన కూర్చుని చూడవలసిందే. ఈ మధ్యలో పాడుచేయడమూ ఉంటుంది. గుంజినప్పుడు పైపూత లేచిపోయిన తీగ, తప్పు కనెక్షను, ఆరకముందే బిగించిన మోటారు, ఇవి మొదటి ఏడాదిలో మూడు నాలుగు తప్పవు. ఆ నష్టం షాపుదే. రైతు దగ్గర వసూలు చేయకూడదు, కుర్రాడి జీతంలో కోయకూడదు. నేను కోతలు పెట్టినన్నాళ్లు కుర్రాళ్లు కాల్చిన కాయిలు దాచిపెట్టేవారు. కోత మానేసిన తరువాత వాళ్లే తెచ్చి చూపిస్తున్నారు, ఎక్కడ తప్పిందో అప్పటికప్పుడు చెప్పగలుగుతున్నాను.

తిత్లీ తరువాత నేను పద్ధతి మార్చుకున్నాను. పద్దెనిమిదేళ్లు నిండనివారిని కరెంటు పనికి పెట్టుకోవడం మానేశాను. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ షాపులో పనికి పెట్టినా నేరమని అందరికీ తెలుసు, అయినా టైర్ల షాపుల దగ్గర, హోటళ్ల దగ్గర ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. పని నేర్చుకుంటున్నాడనే మాట దానికి సాకు కాకూడదు. చేరేవాడితో, వాడి ఇంటి పెద్దతో కూర్చుని ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసుకుంటున్నాము. మొదటి ఏడాది నెలకు 6,000, రెండో ఏడాది 8,000, మూడో ఏడాది 11,000. ఏ నెలకు ఏ పని నేర్పుతానో కూడా అందులోనే రాస్తాను. చుట్ల లెక్క పుస్తకం ఇప్పుడు బల్ల మీద ఉంటుంది, కొత్త మోటారు విప్పినప్పుడు అందులో రాయడం కుర్రాళ్ల పనే. ఆరువేలు చేతి నుంచి పోతున్నప్పుడు నాకు నేర్పాలనే తొందర దానంతట అదే పుట్టింది. నేను మూడేళ్లకు నేర్చుకున్న పని ఇప్పుడు నా దగ్గర ఉన్నవాళ్లు ఏడాదిన్నరలో నేర్చుకుంటున్నారు. ఇద్దరు పని పూర్తిగా నేర్చుకుని వెళ్లిపోయారు. వాళ్లలో ఒకరు టెక్కలి వైపు సొంత షాపు పెట్టుకున్నారు. నా గిరాకీ ఏమీ తగ్గలేదు సరికదా, తన దగ్గర అవని పెద్ద మోటార్లను అతను నాకే పంపిస్తున్నాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తి చేసిన ఒక అమ్మాయి గత ఏడాది వచ్చి అడిగినప్పుడు, నిజం చెప్పాలంటే, నేను రెండు రోజులు తటపటాయించాను. ఇప్పుడు మా షాపులో ఫ్యాన్ల పని మొత్తం ఆమే చూస్తోంది.

ఆరువేలనే అంకె నేను ఊహించి పెట్టినది కాదు. పని నేర్చుకునేవారి కోసం అప్రెంటిస్‌ల చట్టం 1961లోనే వచ్చింది. దాని కింద 2019లో సవరించిన నిబంధనల్లో అయిదు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివినవారికి నెలకు 5,000, పది చదివినవారికి 6,000, ఇంటరు లేదా ఐటీఐ పూర్తి చేసినవారికి 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 కనీస స్టైపెండుగా (నేర్చుకునే రోజుల్లో ఇచ్చే భత్యంగా) రాశారు. రెండో ఏడాది దాని మీద పది శాతం, మూడో ఏడాది పదిహేను శాతం పెంచాలని ఉంది. అప్రెంటిస్‌కు చేసిన పనిని బట్టి ముక్కల లెక్కన డబ్బు ఇవ్వకూడదని ఆ చట్టం స్పష్టంగా చెబుతోంది. మా దగ్గర ఎన్నో షాపుల్లో ఫ్యానుకు ఇంత, జాకెట్టుకు ఇంత, గేటుకు ఇంత అని కొత్తవాళ్లకు కూడా ముక్కల లెక్కే నడుస్తోంది. అలా ఇస్తే కుర్రాడు వచ్చిన పనినే మళ్లీ మళ్లీ చేస్తాడు గాని, రాని పని జోలికి వెళ్లడు. నేర్చుకోవడానికి వచ్చినవాడికి అంతకంటే పెద్ద నష్టం లేదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం భారం యజమానిదే. శిక్షణ పూర్తయిన తరువాత యజమాని తప్పనిసరిగా ఉద్యోగం ఇవ్వాలని గాని, కుర్రాడు అక్కడే ఉండిపోవాలని గాని చట్టంలో లేదు. కుర్రాడు మధ్యలో ఒప్పందం తప్పితే శిక్షణ ఖర్చు కొంత తిరిగి ఇవ్వాలని, యజమాని తప్పితే కుర్రాడికి పరిహారం ఇవ్వాలని రెండు వైపులా రాశారు. పని నేర్పాక పారిపోతారేమోనని భయపడే తోటివారు ఇది ఒకసారి చదవాలి.

ఇంత మంచి చట్టం మా వీధిలోకి ఎందుకు రాలేదన్నదే నా అసలు ప్రశ్న. 2019 నిబంధనల ప్రకారం ముప్పై మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది వరకు ఉన్నచోట ఇష్టమైతే తీసుకోవచ్చు. నలుగురి కంటే తక్కువ ఉన్న షాపు ఆ లెక్కలోనే లేదు. మా జిల్లాలో చేతిపని నేర్పే షాపుల్లో యజమాని, ఒక మేస్త్రి, ఒకరిద్దరు కుర్రాళ్లకు మించి ఉన్నవి ఎన్ని? వైండింగ్ షాపు, కుట్టు మిషన్ల షాపు, బైకు షెడ్డు, వెల్డింగ్ షెడ్డు, వడ్రంగం, ఏది చూసినా ఇంతే. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో పాతిక శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్ర ప్రభుత్వం భరిస్తోంది. ఇప్పుడది నేరుగా కుర్రాడి బ్యాంకు ఖాతాలోనే పడుతోంది. నేనిచ్చే ఆరువేలలో పాతిక శాతం సరిగ్గా పదిహేను వందలు. పెద్ద కంపెనీకి ఆ పదిహేను వందలు లెక్కలోకి రావు. మా బోటి షాపుకు మాత్రం నెల కరెంటు బిల్లులో పెద్ద భాగం దానితో గడుస్తుంది. భరించగలిగినవారికి చేయూత దొరుకుతోంది, భరించలేనివారు గడప బయటే ఉండిపోతున్నారు.

చేతివృత్తుల వారికోసం 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకంలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ, వల అల్లేవారు మొదలైన పద్దెనిమిది వృత్తులు ఉన్నాయి. శిక్షణ రోజులకు రోజుకు 500 చొప్పున ఇస్తారు, పనిముట్లకు 15,000 ఇస్తారు. అది ఇప్పటికే పని తెలిసినవారికి ఉపయోగపడే పథకం. మా పక్క మండలంలోని బుడితిలో కంచు, ఇత్తడి పోతపోసే వారి దగ్గరికి గాని, పొందూరులో నూలు వడికే వారి దగ్గరికి గాని ఒక కొత్త కుర్రాడో, అమ్మాయో వచ్చి రెండేళ్లు కూర్చుని నేర్చుకోవాలంటే, ఆ రెండేళ్లు వాళ్ల ఇల్లు గడిచే దారి అందులో లేదు. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలే పట్నాలకు వెళ్లిపోతుంటే బయటివాళ్లు ఉత్తచేతులతో వచ్చి నేర్చుకుంటారని ఎలా ఆశిస్తాము?

అందుచేత జిల్లా అధికారులను, మా ప్రజాప్రతినిధులను మీ పత్రిక ద్వారా కోరుతున్నది ఇది. నలుగురి పరిమితిని తొలగించి, ఒక్క మేస్త్రి ఉన్న షాపుకైనా కనీసం ఒక అప్రెంటిస్‌ను తీసుకునే వీలు కల్పించమని కేంద్రానికి రాయాలి. అది జరిగేలోపు చేయదగిన పని కూడా ఉంది. పలువురు యజమానులు కలిసి అప్రెంటిస్‌లకు శిక్షణ ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. ఒక్కో ఊళ్లో నాలుగైదు వైండింగ్ షాపులను ఒక జట్టుగా నమోదు చేసి, దగ్గరలోని ఐటీఐ ఆ జట్టుకు పెద్దదిక్కుగా నిలబడితే, కుర్రాడు ఒక షాపులో ఫ్యాన్లు, మరో షాపులో త్రీఫేజ్ మోటార్లు, ఐటీఐలో చదువు నేర్చుకోవచ్చు. చివరికి పరీక్ష రాసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. మా దగ్గర నేర్చుకున్నవాడికి ఈనాడు పని వచ్చు గాని కాగితం లేదు. కాగితం లేనివాణ్ని ఫ్యాక్టరీవాళ్లు హెల్పరుగానే తీసుకుంటున్నారు. ఇక నమోదు అంతా ఇంటర్నెట్‌లో జరుగుతున్నందువల్ల మాలో చాలామంది మొదటి పేజీలోనే ఆగిపోతున్నారు. ఐటీఐలో ఒక ఉద్యోగి వారానికి ఒక పూట కూర్చుని మా కాగితాలు పూర్తి చేసి పెడితే, ఒప్పంద పత్రం తెలుగులో కూడా దొరికితే, ఆ గడప సగం తగ్గుతుంది.

తోటి షాపులవారితో ఒక్క మాట. మార్పు ప్రభుత్వం నుంచి వచ్చేదాకా ఆగవలసిన అవసరం మనకు లేదు. ఆరువేలు భారమైన షాపు నాలుగువేలే రాసుకోవచ్చు, కాని రాసుకోవాలి, నెల మొదటి వారంలో ఇవ్వాలి, పెంచే తేదీ కూడా ముందే అనుకోవాలి. నాలుగువేలు కూడా ఇవ్వలేనివారు, దయచేసి, పని నేర్పుతామని చెప్పి కుర్రాళ్లను పెట్టుకోవద్దు.

వచ్చే నెల మొదటి తారీఖున జలుమూరు వైపు నుంచి ఒక కుర్రాడు మా షాపులో చేరుతున్నాడు. మాట్లాడటానికి వచ్చిన వాళ్ల అమ్మ కూడా ‘జీతం మీ ఇష్టం బాబూ’ అనే అన్నది. నా ఇష్టం కాదమ్మా అని చెప్పి కాగితం చదివి వినిపించాను. ఆవిడ అంకె దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నది.

ఇట్లు,
వైండింగ్ షాపు యజమాని,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.